ఆటిజం ఉన్న బాబుకు పాలు, గోధుమలు మాన్పించాలా, జీర్ణకారి ఎంజైములు ఇవ్వాలా?

ప్రశ్న: అమలాపురం దగ్గరి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది అమలాపురానికి దగ్గరలో, కాలవ గట్టు మీది ఊరు. మా బాబుకు ఐదేళ్లు దాటాయి. మూడో ఏడు నిండకముందే ఆటిజం ఉందని కాకినాడలో నిర్ధారించారు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ క్రమంగా నడుస్తున్నాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడు, కావలసిన వస్తువు దగ్గరకు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్తున్నాడు, కొద్దిపాటి మాటలు వచ్చాయి. నా ప్రశ్న థెరపీ గురించి కాదు, తిండి గురించి.

వాడు తినేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పెరుగన్నం బాగా మెత్తగా పిసికి, ఉప్పు తప్ప మరేమీ కనబడకుండా పెట్టాలి. అందులో ఒక్క ఆవగింజ కనబడినా కంచం తోసేసి లేచిపోతాడు. గ్లూకోజు బిస్కెట్లు ఎప్పుడూ అదే రంగు కాగితంలోవి కావాలి, అంచు విరిగితే ముట్టడు. గేదెపాలు రోజుకు ముప్పావు లీటరుకు తక్కువ కాకుండా తాగుతాడు. పొద్దున చట్నీ లేని ఇడ్లీ, సాయంత్రం చక్కెరకేళి. పప్పు, కూర, గుడ్డు, చేప వాసన తగిలితే చాలు, గదిలోంచి వెళ్లిపోతాడు. విరేచనం మూడు నాలుగు రోజులకొకసారి గాని కాదు, అదీ గట్టిగా అవుతుంది. అంతకుముందు రోజంతా పొట్ట పట్టుకుని మూలుగుతాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు, రాత్రి నిద్రపోడు.

ఇప్పుడు మా ఇంట్లో రెండు వాదనలు నడుస్తున్నాయి. థెరపీకి వచ్చే ఇతర తల్లిదండ్రులలో కొందరు గోధుమ, పాల పదార్థాలు పూర్తిగా మాన్పిస్తే మాటలు త్వరగా వస్తాయని, ప్రవర్తన చక్కబడుతుందని గట్టిగా చెబుతున్నారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు మాత్రం తిండి మార్చే శ్రమ అక్కరలేదని, ప్రతి భోజనంలో ఎంజైము గొట్టం (క్యాప్సూల్) విప్పి ఆ పొడి కలిపితే గోధుమ, పాలు హాని చేయకుండా అరిగిపోతాయని చెప్పి రెండు డబ్బాలు పంపింది. మా అత్తగారు పాలు, పెరుగు మాన్పించే మాటెత్తితే ఒప్పుకోరు. బిడ్డ తినేదే అది కదా అంటారు. ఆమె మాటలో న్యాయం లేదని నేను అనలేను.

ఈ రెండింటిలో దేనికి ఆధారం ఎక్కువ? మా బాబు వంటి పిల్లవాడికి దేనివల్ల కీడు తక్కువ? అనుభవం ఉన్నవారు, వైద్యులు దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు: పిల్లల వైద్యుడు, కాకినాడ

అమ్మా, మీరు రాసిన వివరాలలో నన్ను ముందుగా ఆపినది గోధుమ కాదు, పాలలోని ప్రోటీను కాదు, మూడు నాలుగు రోజులకొకసారి గట్టిగా అయ్యే విరేచనం. దాని దగ్గరకు వస్తాను. అంతకుముందు మీరు అడిగిన దానికి సమాధానం చెప్పాలి, ఎందుకంటే మీ ఇంటి రెండు వాదనలూ నిజానికి ఒకే ఊహ మీద నిలబడి ఉన్నాయి.

గోధుమలోని గ్లూటెన్, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్లలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. కడుపులోని పెప్సిన్, క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ వంటి జీర్ణ ఎంజైములు ఆ చోట్ల గొలుసును సులువుగా తెంచలేవు. అందువల్ల కొన్ని పొట్టి ముక్కలు మిగులుతాయి. వాటిలో కొన్నింటికి నల్లమందు జాతి పదార్థాలను పోలిన స్వభావం ఉంటుంది. 1979లో జాక్ పాంక్‌సెప్ అనే నాడీ శాస్త్రవేత్త ఆటిజంలో కనబడే కొన్ని లక్షణాలు మెదడులో అటువంటి పదార్థాల ప్రభావాన్ని పోలి ఉన్నాయని ప్రతిపాదించారు. తరువాత నార్వేలో కార్ల్ రైషెల్ట్ బృందం పిల్లల మూత్రంలో ఇటువంటి ముక్కలు ఎక్కువగా ఉన్నాయని చెప్పింది. ఆ ముక్కలు పేగు దాటి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరుతున్నాయన్నది ఊహ. ఊహ నిజమైతే రెండు దారులు ఉంటాయి: ఆ ప్రోటీన్లను కంచంలోకే రానివ్వకపోవడం ఒకటి, వచ్చాక ఎంజైముతో పూర్తిగా ముక్కలు చేయడం రెండోది. మీ ఆడపడుచుగారు పంపిన డబ్బా మీద డి.పి.పి.-4 అని ఉంటే, అది ప్రోలిన్ ఉన్న చోట గొలుసును తెంచే ఎంజైము. అది మన చిన్నపేగు గోడ మీద సహజంగానే ఉంటుంది.

ఇబ్బంది ఏమిటంటే, ఆ ఊహే నిలబడలేదు. లండన్‌లోని పరిశోధకులు మరింత నిశితమైన పద్ధతులతో ఆటిజం ఉన్న పిల్లల మూత్రాన్ని పరీక్షించి, అటువంటి ముక్కలేవీ కనబడలేదని 2008లో ప్రకటించారు. ఇక ఆహార నియమాన్ని నేరుగా పరీక్షించిన ప్రయత్నాలు చూద్దాం. నార్వేలో 2002లో వెలువడిన అధ్యయనంలో ఇరవై మంది పిల్లలను రెండు జట్లుగా చేసి ఏడాది పాటు గమనించారు. నియమం పాటించిన జట్టు మెరుగైందన్నారు. కాని ఆ ఇళ్లలో ఎవరి బిడ్డ ఏమి తింటున్నాడో అందరికీ తెలుసు. ఫ్లోరిడాలో 2006లో పదిహేను మంది పిల్లలతో, ఏ వారం ఏ తిండి అన్నది తల్లిదండ్రులకు, పరీక్షించేవారికి తెలియకుండా చేసినప్పుడు తేడా తేలలేదు. అయినా కొందరు తల్లిదండ్రులు తమ బిడ్డ మెరుగయ్యాడనే అన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మరింత కట్టుదిట్టంగా చేశారు. పద్నాలుగు మంది చిన్నపిల్లలను ముందు గోధుమ, పాలు లేని ఆహారం మీద స్థిరపరిచి, తరువాత గ్లూటెన్, కేసీన్, రెండూ కలిపి, రెండూ లేకుండా చేసిన చిరుతిళ్లను ఎవరికీ తెలియకుండా మార్చి మార్చి పెట్టారు. ప్రవర్తనలో గాని, నిద్రలో గాని, విరేచనంలో గాని తేడా కనబడలేదు. అది 2016లో అచ్చయింది. ఈ అధ్యయనాలన్నీ చిన్నవే, అందుచేత ఏ బిడ్డకూ ఎప్పుడూ ఉపయోగపడదని వీటిని బట్టి శపథం చేయలేను. కాని ఆటిజం ముఖ్య లక్షణాల కోసం ఇటువంటి ఆహార నియమాలు వాడవద్దని బ్రిటన్‌లో వైద్యులకు సూచనలిచ్చే నైస్ అనే సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి, నేనూ నా దగ్గరకు వచ్చేవారికి అదే చెబుతాను.

ఇక మీ బాబు పొట్ట సంగతి. రోజుకు ముప్పావు లీటరు పాలు, ఆపైన పెరుగన్నం, బిస్కెట్లు. పీచు దాదాపు లేదు. పాలు కడుపు నింపేస్తాయి, ఇనుము ఇవ్వవు. గట్టి విరేచనం నొప్పి పుట్టిస్తుంది, నొప్పికి భయపడి బిడ్డ బిగబడతాడు, బిగబట్టిన కొద్దీ మలం ఇంకా గట్టిపడుతుంది. మాటలు సరిగా రాని బిడ్డ ఆ నొప్పిని తల కొట్టుకునే చెబుతాడు. దీన్ని ఆటిజంలో భాగం అని వదిలేయడం నేను చాలా ఇళ్లలో చూశాను, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే వైద్యం ఉన్న బాధ ఇది. మలాన్ని మెత్తబరిచే పాలిథిలీన్ గ్లైకాల్ పొడి గాని, లాక్టులోజ్ మందు గాని బిడ్డ బరువును బట్టి వైద్యుడు నిర్ణయిస్తారు. ముందు పేగులో పేరుకున్నది బయటకు పోవాలి, తరువాత మెత్తగా అయ్యేటట్లు కనీసం రెండు నెలలు కొనసాగించి, ఒక నెల పాటు ఏ ఇబ్బందీ లేదని చూసుకున్నాకే మెల్లగా తగ్గించాలి. నాలుగు రోజులు వాడి ఆపేస్తే మొదటికి వస్తుంది. అలా చేసినా లొంగని మలబద్ధకానికి, పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘాలు 2014లో ఇచ్చిన సూచనలలో రెండు నుంచి నాలుగు వారాలు పాల ప్రోటీను ఆపి చూడవచ్చని ఉంది. అది పేగు కోసం చేసే ప్రయత్నం, మాటల కోసం కాదు. గడువు పెట్టుకుని చేసేది, ఫలితం లేకపోతే పాలు తిరిగి ఇచ్చేది.

గోధుమ మాన్పించే ఆలోచన ఏమాత్రం ఉన్నా, ముందు సీలియాక్ వ్యాధికి, అంటే గ్లూటెన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బుకు, రక్తపరీక్ష చేయించండి. దాన్ని టి.టి.జి. ఐ.జి.ఏ. అంటారు, దానితో పాటు రక్తంలో ఐ.జి.ఏ. అనే ప్రతిరక్షకం మొత్తం ఎంత ఉందో కూడా చూడాలి. గోధుమ తింటూ ఉన్నప్పుడే ఆ పరీక్ష నమ్మదగినది. ముందే మాన్పించి తరువాత చేయిస్తే వ్యాధి ఉన్నా లేదని రావచ్చు. సీలియాక్ ఉన్నట్లు తేలితే గోధుమ జీవితాంతం మానాలి, అక్కడ ఏ ఎంజైమూ దానికి బదులు కాదు. పాల ఎలర్జీ ఉన్న బిడ్డకు ఎంజైము కలిపి పాలు ఇవ్వడం ప్రమాదం.

జవాబు: భీమవరం వైపు నుంచి ఒక తండ్రి

డాక్టరుగారికి నమస్కారం. అమ్మా, మా పాపకు ఏడేళ్లు, ఆమెకూ ఆటిజం ఉంది. మా ఇంట్లో ఈ రెండూ, అంటే ఆహార నియమం, ఎంజైము, వైద్యుని సలహాతో వాడి చూశాము గనుక ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను.

మా పాపకు మీ బాబులా మలబద్ధకం కాదు. పాలు తాగిన గంటకల్లా పొట్ట ఉబ్బి, గడగడమని చప్పుడై, నీళ్లవిరేచనాలయ్యేవి. పాలు ఆపితే ఆ బాధ పోయింది. అప్పుడు మా బంధువులంతా కేసీన్ పడలేదు, అందుకే ఆటిజం అన్నారు. మా వైద్యులు మాత్రం తొందరపడకుండా, పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ చుక్కలు పాలలో కలిపి, కొంతసేపు ఆగి ఇచ్చి చూడమన్నారు. ఆ పాలు పాపకు ఏ ఇబ్బందీ చేయలేదు. కేసీన్ ఆ పాలలోనూ ఉంది కదా. పడనిది ప్రోటీను కాదు, లాక్టోజ్ అనే ఆ పాలచక్కెర అని అలా తేలింది. ఇప్పుడు తోడు బాగా పట్టిన పెరుగు మామూలుగానే తింటుంది, పాలకు మాత్రం చుక్కలు వాడతాము. అందుచేత ఎంజైములంటే ఒట్టి మాట అని నేను అనను. ఏ ఎంజైము ఏ పదార్థం మీద పనిచేస్తుందో, ఆ లోపం బిడ్డకు ఉందో లేదో తెలిసి ఇస్తే అది మందు. అన్నీ కలిపిన పొడిని ఆటిజానికని ఇవ్వడం వేరు సంగతి.

గోధుమ విషయంలో రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చిన తరువాత, ఇంట్లో అందరి తృప్తి కోసం కొన్ని నెలలు మాని చూశాము. మా మండలంలోని భవిత కేంద్రంలో పాపకు చెప్పే టీచరమ్మ ఉన్నారు. పాప ఏ పనిమీద ఎంతసేపు కూర్చుంటున్నది, ఎన్నిసార్లు చెవులు మూసుకున్నది, కొత్త మాట ఏదైనా అన్నదా అన్నవి ఆమె మామూలుగానే రోజూ ఒక పుస్తకంలో రాసేవారు. మేము గోధుమ మానినదీ, మళ్లీ మొదలుపెట్టినదీ ఆమెకు చెప్పలేదు. మధ్యాహ్నం తిండి ఇంటి నుంచే వెళ్లేది. తరువాత ఆ పుస్తకం, మా ఇంటి కేలండరు పక్కపక్కన పెట్టుకుని చూస్తే గోధుమ ఉన్న వారాలకు, లేని వారాలకు తేడా కనబడలేదు. జ్వరం వచ్చిన వారం, పండుగకు చుట్టాలు వచ్చిన వారం మాత్రం ఆ రాతలోనే స్పష్టంగా తెలిసిపోతున్నాయి. ఇంట్లో మేమైతే ఆ నెలల్లో పాప చాలా మెరుగైందని ఒకరికొకరం చెప్పుకున్నాము. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాము. అందుకే మీరు ఏ ప్రయత్నం చేసినా, సంగతి తెలియని మనిషి ఒకరు రాసేటట్లు చూసుకోండి.

నియమం పాటించడం మన ప్రాంతంలో ఎంత సులువో అంత కష్టం. అన్నం, ఇడ్లీ, అరిసెలు, పూతరేకులు అన్నీ బియ్యమే. కాని కాజాలోది మైదా, ఉప్మా చేసేది గోధుమరవ్వ, సేమ్యా సరేసరి. మేము అనుకోనిది ఇంగువ. డబ్బా వెనక సన్నని అక్షరాలు చదివితే అందులో మైదా గాని గోధుమపిండి గాని కలుపుతారని తెలిసింది. అంటే పెళ్లిలో పులిహోర, సాంబారు కూడా లెక్కలోకి వస్తాయి. బంతిలో అందరూ కూర్చుని తింటుంటే పాపకు విడిగా డబ్బా విప్పవలసి వచ్చేది, అసలే మనుషుల మధ్య ఇమడడం కష్టమైన బిడ్డ మరింత విడిగా అయ్యేది. సీలియాక్ ఉంటే తప్పదు, చేస్తాము. అవసరం లేనప్పుడు ఆ భారం బిడ్డ మీద పెట్టకూడదన్నది మేము ఇంట్లో కూర్చుని తీసుకున్న నిర్ణయం.

జవాబు: పోషకాహార నిపుణురాలు, తణుకు

పై ఇద్దరూ చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. బాబు కంచం గురించి మాత్రం రాస్తాను.

గోధుమ, పాలు మాన్పించే సలహా పుట్టినది రొట్టె, పాస్తా, జున్ను తినే దేశాలలో. అక్కడ ఆ రెండూ తీసేస్తే కంచం సగం ఖాళీ అవుతుంది, కాని ఆ స్థానంలో మాంసం, కూరలు, పండ్లు వస్తాయి. మీ బాబు తింటున్న అయిదింటిలో గోధుమ ఉన్నది బిస్కెట్లలోనే. ఇడ్లీరవ్వ మనకు బియ్యపురవ్వే. అంటే గోధుమ మాన్పించడం వల్ల పోయేది బిస్కెట్టు, దానివల్ల పోషణకు పెద్ద నష్టం లేదు. పాలు, పెరుగు తీసేస్తే మాత్రం మిగిలేది ఇడ్లీ, అరటిపండు. ఐదేళ్ల బిడ్డ దానితో బతకలేడు. మీ అత్తగారి భయం సరైనదే.

లెక్క చూడండి. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించాయి. వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలు మానితే రాగులు ఉన్నాయి కదా అంటారు. వంద గ్రాముల రాగులలో 360 దాకా ఉన్న మాట నిజమే, కాని ఈ వయసు బిడ్డ జావలో తాగేది పాతిక గ్రాముల పిండి, అంటే తొంభై మిల్లీగ్రాములు. పది గ్రాముల నువ్వులలో నూటికి పైగా ఉంటుంది. ముల్లుతో సహా తినే చిన్నచేపలు చాలా మంచివి. కాని చేప వాసనకే లేచిపోయే బిడ్డకు ఇవన్నీ ఎలా పెడతాము? కోనసీమలో చాలామంది పాలకు బదులు కొబ్బరిపాలు ఇస్తామంటారు. అందులో కొవ్వు ఉంటుంది గాని కాల్షియం, ప్రోటీను చాలా తక్కువ, అది పాలకు బదులు కాదు. ఆటిజం ఉన్న నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మగపిల్లల చేతి ఎముకలను ఎక్స్‌రేలో కొలిచి, వాటి మందం వయసుకు తగినంత లేదని, పాలు మాన్పించిన పిల్లలలో ఆ లోటు మరింత ఎక్కువగా ఉందని అమెరికాలో 2008లో రాశారు. అతి తక్కువ రకాలు తినే ఆటిజం పిల్లలలో ఎ విటమిన్ లేక చూపు దెబ్బతినడం, సి విటమిన్ లేక స్కర్వీ రావడం కూడా వైద్య పత్రికలలో నమోదయ్యాయి. అసలే ఇరుకైన కంచాన్ని ఇంకా ఇరుకు చేయడం నాకు అందుకే భయం.

ఎంజైము పొడి గురించి వంటింటి సంగతి ఒకటి. ప్రోటీన్లను తెంచే పొడిని పెరుగన్నంలో కలిపి కొంతసేపు ఉంచితే పెరుగు విరిగి నీరు పైకి తేలుతుంది, రుచి చేదెక్కుతుంది. పాలలో కలిపినా చేదు వస్తుంది. వేడి అన్నంలో కలిపితే ఎంజైము పాడైపోతుంది. పొడి నోట్లో మిగిలిపోతే పెదవుల లోపల పుండ్లు పడవచ్చు. ఆవగింజను కనిపెట్టే బిడ్డ ఈ చేదును కనిపెట్టడా? ఒక్కసారి అనుమానం వస్తే ఆ పెరుగన్నం కూడా మానేస్తాడు. అది మళ్లీ అలవాటు చేయడానికి నెలలు పట్టిన పిల్లలు నాకు తెలుసు.

నేనైతే ఇలా మొదలుపెడతాను. పాలు ఒక్కసారిగా తగ్గించకుండా, గ్లాసులో పోసేది వారం వారం కొంచెం తగ్గిస్తూ అరలీటరు లోపుకు తీసుకురండి. ఆ ఖాళీ అయిన ఆకలే కొత్త తిండికి దారి ఇస్తుంది. ఇడ్లీ తింటున్నాడు గనుక, ఇడ్లీ పిండిలో అర చెంచా రాగిపిండి కలపండి, రంగు మారినట్లు తెలియకూడదు. అది ఒప్పుకున్నాక ముప్పావు చెంచా. చక్కెరకేళి తింటున్నాడు గనుక పక్కన, కంచం అంచున, ముట్టమని చెప్పకుండా బొప్పాయి ముక్క ఒకటి ఉంచండి. మొదట అది కంచంలో ఉన్నా లేచిపోకుండా కూర్చుంటే చాలు. తరువాత వేలితో తాకుతాడు, వాసన చూస్తాడు, నాలుకకు తగిలిస్తాడు, ఎప్పటికో కొరుకుతాడు. ఈ మెట్లలో ఏదీ బలవంతంగా ఎక్కించకూడదు. బొప్పాయి విరేచనానికీ మంచిదే. రుచికని మాల్టు పొడులు పాలలో వేసేవారు వాటిలో చక్కెర ఎంతో చూసుకోవాలి.

ప్రశ్న: పాలకొల్లు నుంచి ఒక అమ్మ

ఈ చర్చలో నాదీ ఒక సందేహం. మా బాబుకు నాలుగేళ్లు. ఒక సంస్థ వారి సలహా మీద కొంతకాలంగా ఎంజైము గొట్టాలు ఇస్తున్నాము. విసుగు, అరుపులు తగ్గినట్లే అనిపిస్తోంది. నెలకు అయ్యే ఖర్చు మాకు భారమే అయినా, ఆపితే మళ్లీ మొదలవుతాయేమోనని భయంగా ఉంది. ఎంజైముల మీద కూడా పరీక్షలు జరిగాయా డాక్టరుగారూ?

జవాబు: పిల్లల వైద్యుడు, కాకినాడ

జరిగాయమ్మా, ఆహార నియమం మీద కంటే కొంచెం పెద్దవే జరిగాయి. ఫలితాలు ఒక దారిన లేవు. ఆస్ట్రేలియాలో 43 మంది పిల్లలకు మూడు నెలలు ఎంజైము, మూడు నెలలు మందు లేని ఉత్తి పొడి, ఏది ఎప్పుడన్నది ఎవరికీ తెలియకుండా ఇచ్చారు. 2010లో వెలువడిన ఆ ఫలితాలలో ప్రవర్తనలో గాని, పొట్ట బాధలలో గాని, నిద్రలో గాని తేడా లేదు. తినే రకాలు స్వల్పంగా పెరిగాయి, అంతే. ఈజిప్టులో 101 మంది పిల్లలతో మూడు నెలలు చేసిన అధ్యయనంలో, ఎంజైము తీసుకున్నవారు ప్రవర్తనలోనూ జీర్ణంలోనూ మెరుగయ్యారని 2015లో రాశారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 190 మందితో అమెరికాలో చేసిన పరీక్ష 2023లో వెలువడింది. క్లోమపు ఎంజైము తీసుకున్న పిల్లలలో చిరాకు ఉత్తి పొడి తీసుకున్నవారి కంటే ఎక్కువ తగ్గిందన్నారు. ఆ మందు తయారుచేస్తున్న కంపెనీయే ఆ పరీక్ష నడిపింది. సంబంధం లేని మరో బృందం మళ్లీ చేసి అదే ఫలితం చూపిస్తే నేను సంతోషంగా నా అభిప్రాయం మార్చుకుంటాను. అందులోనూ తగ్గినది చిరాకు. ఆటిజం తగ్గిందని వారు కూడా అనలేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇప్పటివరకు ఏ ఎంజైమునూ ఆటిజానికి మందుగా అనుమతించలేదు.

ఉత్తి పొడితో కూడా పిల్లలు మెరుగైనట్లు కనబడటం ఆటిజంలో చాలా ఎక్కువ. 1998లో సెక్రెటిన్ అనే జీర్ణకోశ హార్మోను ఇచ్చిన ముగ్గురు పిల్లలకు మాటలు, చూపు కలపడం మెరుగయ్యాయని రాయగానే, దాని కోసం వేల కుటుంబాలు పరుగెత్తాయి. మరుసటి ఏడే అరవై మంది పిల్లలతో పరీక్షించగా, సెక్రెటిన్ తీసుకున్నవారిలోనూ ఉప్పునీటి సూది తీసుకున్నవారిలోనూ దాదాపు సమానంగా, మూడోవంతు మంది మెరుగైనట్లు నమోదయింది. ఆ సంగతి చెప్పిన తరువాత కూడా అందులోని తల్లిదండ్రులలో నూటికి 69 మంది తమ బిడ్డకు సెక్రెటిన్ కావాలనే అన్నారు. బిడ్డ బాగుపడాలన్న ఆశ అంత బలమైనది, దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఆ ఆశను అమ్ముకునేవారి మీదే నా కోపం.

మీరు భయపడకుండా చేయగలిగినది ఒకటి ఉంది. పై తండ్రిగారు చెప్పినట్లు, సంగతి తెలియని టీచరు గాని థెరపిస్టు గాని రోజూ రాసేటట్లు ఏర్పాటు చేసి, గొట్టాలు కొన్ని వారాలు ఆపండి. ఈ ఎంజైములు ఆపినంత మాత్రాన శరీరానికి హాని జరగదు. ఆ రాతలో తేడా లేకపోతే ఆ డబ్బు మరొక థెరపీ గంటకు ఉపయోగపడుతుంది. తేడా స్పష్టంగా ఉంటే, అప్పుడు అసలు జీర్ణలోపం ఏదైనా ఉందేమో చూడాలి; మలంలో ఎలాస్టేజ్ పరీక్ష క్లోమం పనిని చెబుతుంది. మోతాదు మాత్రం సొంతంగా పెంచవద్దు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే, క్లోమం సరిగా పనిచేయని పుట్టుజబ్బు ఉన్న పిల్లలకు క్లోమపు ఎంజైములు మితిమీరి ఇచ్చినప్పుడు పెద్దపేగు మూసుకుపోయిన సందర్భాలు 1990లలోనే బయటపడ్డాయి. ఇంకొక మాట, డబ్బా మీద పాంక్రియాటిన్ అని రాసి ఉంటే అది క్లోమపు ఎంజైముల మిశ్రమం, సాధారణంగా పంది క్లోమం నుంచి తీసినది. కొందరు తెలిసి ఉంటే వాడేవారు కాదు, గనుక ముందే చెబుతున్నాను.

అమలాపురం దగ్గరి తల్లి

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ మా అత్తగారికి, మావారికి చదివి వినిపించాను. ముందు మలబద్ధకానికి వైద్యం, రక్తపరీక్షలు చేయించాలని నిర్ణయించుకున్నాము. పాలు గ్లాసు కొంచెం వెలితిగా పోయడం మొదలుపెట్టాము. ఎంజైము డబ్బాలు విప్పలేదు. మా ఆడపడుచుకు నేనే ఫోను చేసి కారణం చెప్పాను, ఆమె అర్థం చేసుకున్నది. పరీక్షలయ్యే వరకు బిస్కెట్లు ఆపము. ఒక్కటే బెంగ. బాబు సూది చూస్తే నలుగురు పట్టుకున్నా ఆగడు. పోయినసారి రక్తం తీయకుండానే తిరిగి వచ్చాము. ఏమి చేయాలి?

జవాబు: పిల్లల వైద్యుడు, కాకినాడ

అమ్మా, నలుగురు పట్టుకోవడమే వాడిని ఎక్కువ భయపెడుతుంది. లిగ్నోకెయిన్, ప్రైలోకెయిన్ కలిసిన మొద్దుబార్చే క్రీము వైద్యుని చీటీ మీద దొరుకుతుంది. రక్తం తీసే చోట రాసి, పైన పలుచని కవరు అంటించి, కనీసం ఒక గంట ఉంచితే సూది నొప్పి చాలావరకు తెలియదు. రెండు మోచేతుల దగ్గరా రాయండి, ఒకచోట నరం దొరకకపోతే రెండోది ఉంటుంది. ఆ కవరు వాడికి కొత్త కాకుండా ముందు కొన్ని రోజులు ఇంట్లో ఉత్తినే అంటించి తీయండి. ల్యాబు గది, కుర్చీ, చేతికి కట్టే పట్టీ ఫోనులో ఫోటోలు తీసుకుని వరుసగా చూపించండి. ల్యాబు వారితో ముందుగా మాట్లాడి, తలుపు తీసిన వెంటనే మొదటి వంతు మీది అయ్యేటట్లు అడగండి, వరుసలో కూర్చోబెట్టవద్దు.

అన్ని పరీక్షలకూ ఒక్క సూదితోనే రక్తం తీయించండి. సీలియాక్ పరీక్ష, మొత్తం ఐ.జి.ఏ., హిమోగ్లోబిన్, ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, డి విటమిన్, బి12, థైరాయిడ్. ఈ వయసులో ఇనుము తక్కువైనా నిద్ర చెడుతుంది, థైరాయిడ్ తక్కువైనా విరేచనం బిగుసుకుంటుంది, అందుకే అవీ రాశాను. వీటిలో దేనికీ పరగడుపున ఉండనవసరం లేదు. ఇడ్లీ పెట్టే తీసుకురండి.